వార్డుల ముసాయిదా వచ్చిందా? బస్తీ చీలిపోకుండా అభ్యంతరం వేయడమెలా

మున్సిపాలిటీలో వార్డుల పునర్విభజన అనగానే అందరి చూపూ రిజర్వేషన్ల మీదే ఉంటుంది. ఏ వార్డు జనరల్, ఏది మహిళ, ఏది బీసీ అని. అసలు కథ అంతకుముందే, హద్దుల దగ్గరే ముగిసిపోతుంది. ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో వార్డులు రిజర్వు అవుతాయి. ముస్లింలకు, క్రైస్తవులకు మతం పేరిట రిజర్వుడు వార్డు ఉండదు. దూదేకుల బీసీ-బీలో, మరికొన్ని ముస్లిం వర్గాలు బీసీ-ఈలో ఉన్నాయి కాబట్టి బీసీ వార్డుల్లో నిలబడొచ్చు, అంతవరకే. మిగతాదంతా గీత ఎక్కడ పడిందన్న దాన్ని బట్టే.

గీతతో ఓటును పలచన చేసే దారులు రెండు: చీల్చడం, కుక్కడం. 90,000 జనాభా, 36 వార్డులున్న పట్టణం అనుకుందాం. వార్డుకు సగటున 2,500 మంది. పక్కపక్క వీధుల్లో ఒక మైనారిటీ వర్గం 6,000 మంది ఉన్నారు. నాలుగు వార్డుల్లో 1,500 చొప్పున పడితే ఒక్కోదానిలో 60 శాతం. అదే జనాన్ని పది వార్డుల్లోకి చీలిస్తే ఒక్కోదానిలో 600 మంది, అంటే 24 శాతం. ఎక్కడా గెలిచే బలం ఉండదు. కుక్కడం ఇంకో రకం. రెండు వార్డుల్లో 2,400 చొప్పున నింపి, మిగిలిన 1,200 మందిని ఆరు వార్డుల్లో 200 చొప్పున చల్లేస్తారు. ఆ రెండూ భారీ మెజారిటీతో గెలుస్తారు, నాలుగు రావాల్సిన చోట రెండే వస్తాయి. చీల్చడం చూడగానే తెలుస్తుంది. కుక్కడాన్ని మాత్రం ‘మన వార్డు మనకే ఇచ్చారు’ అనుకుని సంబరపడేవాళ్లూ ఉంటారు.

ముసాయిదా వచ్చిన రోజే చూడాల్సింది అభ్యంతరాల గడువు. చాలాసార్లు వారం రోజులే ఇస్తారు, అందులో సెలవులూ కలిసిపోతాయి. సమాచార హక్కు కింద కాగితాలు అడిగి కూర్చుంటే పని జరగదు. వాళ్లు జవాబివ్వడానికి చట్టం 30 రోజులు ఇస్తుంది. కమిషనర్ కార్యాలయానికి నేరుగా వెళ్లి నోటిఫికేషన్ కాపీ, వార్డులవారీ జనాభా పట్టిక, మ్యాపు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, ఆ అర్జీ మీద, కార్యాలయానికి అందిందని వేయించుకున్న ఇన్‌వార్డు ముద్రే తర్వాత అక్కరకొస్తుంది.

మ్యాపు లేకపోయినా పర్వాలేదు. ప్రతి వార్డుకూ నాలుగు చెక్కుబందీలు రాసి ఉంటాయి: ఉత్తరం ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా సందు మీదుగా, తూర్పు నాలా వెంట, ఇలా. వాటిని చేత్తో పట్టుకుని ఇద్దరు నడవాలి, ఒకరు చదవడానికి, ఒకరు గీయడానికి. తప్పులు నడకలోనే దొరుకుతాయి. ఒకే ఇంటి నంబరు రెండు వార్డుల వివరణలో కనిపిస్తుంది. సందు పేరు పాతది, ఇప్పుడు అక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు. నాలా దాటడానికి వంతెన లేకపోయినా రెండు గట్లూ ఒకే వార్డులో ఉంటాయి. అన్నిటికంటే తరచుగా, వీధి మధ్యలోంచి గీత పోయి ఎడమ వరుస ఒక వార్డు, కుడి వరుస ఇంకో వార్డు అవుతాయి. పెద్ద రోడ్డయితే అది సబబే. ఎనిమిది అడుగుల సందును అలా కోస్తే ప్రశ్నించాల్సిందే.

తర్వాత పట్టిక. 2011 జనగణనలో పట్టణ వార్డులకు మొత్తం జనాభా, ఎస్సీ, ఎస్టీ సంఖ్యలు విడివిడిగా దొరుకుతాయి. మతం కాలమ్ అందులో ఉండదు. దానికి పోలింగ్ కేంద్రాలవారీ ఓటర్ల జాబితా తీసుకుని, ఇంటి నంబర్ల వరుసలో వీధుల లెక్క కట్టుకోవాలి. అభ్యంతరానికి సంఖ్యలు మాత్రమే జతచేయండి, మనుషుల పేర్లు వద్దు. దళిత క్రైస్తవుల విషయంలో ఒక మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులే ఎస్సీలు. క్రైస్తవులుగా నమోదైనవాళ్లు బీసీ-సీలోకి వెళ్తారు. అందుకే చూడ్డానికి నిండు దళితవాడ అయినా కాగితం మీద ఎస్సీ శాతం తక్కువ కనిపిస్తుంది.

ఇక రాయడం. ‘మా వర్గానికి అన్యాయం జరిగింది’ అని రాస్తే ఒక్క వాక్యంతో తోసిపుచ్చుతారు, ఎందుకంటే అధికారి ముందున్న నియమాలు జనాభా సమానత, భౌగోళిక ఒద్దిక, సహజ హద్దులు, రాకపోకల సౌకర్యం గురించి మాట్లాడతాయి. ఆ భాషలోనే రాయాలి. ఏ వార్డు, ఏ హద్దు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ నంబరు వరకు, ఏ నియమానికి విరుద్ధం, బదులుగా ఏ గీత కావాలి. అన్నీ కలిపి ఒక పేజీ, వెనక పట్టిక, గీసిన మ్యాపు.

అన్నిటికంటే కష్టమైంది బదులు గీతే. చాలా అభ్యంతరాలు ఇక్కడే ఓడిపోతాయి. హెచ్చుతగ్గు 10 శాతం దాకా అనుమతిస్తే పై పట్టణంలో వార్డు 2,250 నుంచి 2,750 మధ్య ఉండాలి. 7వ వార్డులో 2,300 మంది ఉన్నారు, 8లోకి పోయిన 640 మంది బ్లాకును వెనక్కి తెమ్మంటున్నారు. కలిపితే 2,940, పరిమితి దాటింది. కాబట్టి 8కి ఆనుకుని ఉన్న 510 మంది బ్లాకును అటు పంపుతామని మీరే చెప్పాలి. అప్పుడు 7వ వార్డు 2,430 అవుతుంది. 2,620 ఉన్న 8వ వార్డు 2,490కి వస్తుంది. రెండూ పరిమితిలోనే. ఇలా లెక్క సరిచేసి ఇస్తే ‘జనాభా కుదరదు’ అనే సాకు అధికారికి ఉండదు. ఆ 510 మంది ఉండే వీధివాళ్లతో ముందే మాట్లాడుకోండి. లేకపోతే వాళ్లే మీ మీద ఎదురు అభ్యంతరం వేస్తారు.

ఒకే అర్జీని ఐదు వందల జిరాక్సులు తీసి ఇవ్వడం దండగ. వీధికొకటి, ఆ వీధి సమస్యతో, వేర్వేరుగా ఇవ్వండి. ప్రతిదానికీ రసీదు. విచారణకు పిలిస్తే మ్యాపు మీద వేలు పెట్టి చూపించే మనిషే వెళ్లాలి, ఉపన్యాసం ఇచ్చే నాయకుడు కాదు.

కోర్టు గురించి ఆశ తక్కువగానే పెట్టుకోండి. రాజ్యాంగం 243-జెడ్‌జీ అధికరణ మున్సిపల్ డీలిమిటేషన్‌ను, అంటే వార్డుల పునర్విభజనను, కోర్టుల్లో సవాలు చేయకుండా అడ్డుకట్ట వేసింది. పంచాయతీల విషయంలో ఇలాంటి అడ్డుకట్టనే పరిశీలించిన సుప్రీంకోర్టు 1995లో, ఉత్తరప్రదేశ్ ప్రధాన్ సంఘ్ కేసులో, చిన్న సందు వదిలింది: అభ్యంతరాలు పిలవకుండా, వినకుండా హద్దులు గీస్తే ప్రశ్నించవచ్చు. అదీ ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే. ఇన్‌వార్డు ముద్ర విలువ ఇక్కడ తెలుస్తుంది. గడువులో ఇచ్చినా విననేలేదని చూపడానికి అదొక్కటే ఆధారం.

అసెంబ్లీ, లోక్‌సభ స్థానాలకు దారి వేరు. డీలిమిటేషన్ చట్టం, 2002 సెక్షన్ 9 ప్రకారం కమిషన్ ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, బహిరంగ విచారణలు జరపాలి. అసోసియేట్ సభ్యులుగా ఉండే ఎంపీలు, ఎమ్మెల్యేలకు అక్కడ ఓటు ఉండదు. కానీ వాళ్ల అసమ్మతి ప్రతిపాదనలు ముసాయిదాతో పాటే అచ్చవుతాయి, కాబట్టి మీ ప్రత్యామ్నాయ మ్యాపును ముసాయిదాకు ముందే వాళ్లకు చేర్చడం లాభం. ఇక్కడ ఎస్సీ రిజర్వేషన్ కూడా చూసుకోవాలి. ముస్లింలు ఎక్కువగా ఉన్న స్థానాలు ఎస్సీలకు రిజర్వు అవుతున్నాయని, ఎస్సీలు ఎక్కువున్న కొన్ని స్థానాలు మాత్రం జనరల్‌లో ఉండిపోతున్నాయని, ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ 2006లోనే ఎత్తిచూపింది. అస్సాంలోని కరీంగంజ్ లోక్‌సభ స్థానం మొదటి రకందే, 2023 పునర్విభజనలో అది జనరల్ అయింది. గుజరాత్‌లో బార్డోలీ అసెంబ్లీ స్థానం రిజర్వేషన్‌పై వచ్చిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు, కమిషన్ ఉత్తర్వు మరీ ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు పొసగకుండా ఉంటే కోర్టులు పరిశీలించవచ్చని చెప్పింది. తలుపు తెరుచుకుంది, అంతే. లోపలికి పోవడానికి మళ్లీ అవే పట్టికలు, అవే రసీదులు కావాలి.

2027 మార్చి 1 ప్రాతిపదికగా కొత్త జనగణన ఉంది, ఈసారి కులం లెక్కతో సహా. లెక్క రాసుకునే ఎన్యూమరేటర్ మీ వీధికి వచ్చినప్పుడు ఏ ఇల్లూ తప్పిపోకుండా చూసుకోండి. తదుపరి గీతలకు మూలం ఆ బ్లాకు సంఖ్యలే.