ఊళ్లో ఇంటి ప్లాటు కొనే ముందు లేఅవుట్ ఎలా చూసుకోవాలి?

తెలంగాణ పల్లెల్లో ప్లాట్లు అమ్మేవాళ్లు తరచూ చెప్పే మాట ‘పంచాయతీ లేఅవుట్’. కాగితం మీద పంచాయతీ ముద్ర ఉంటే చాలదు. లేఅవుట్‌కు సాంకేతిక అనుమతి ఇవ్వాల్సింది డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ), హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలోనైతే హెచ్‌ఎండీఏ. ‘నాలా అయిపోయింది’ అన్నా అంతే. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం మాత్రమే, లేఅవుట్ అనుమతి వేరు. బయానా ఇవ్వక ముందే ఇవి చూసుకోండి.

1. ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), ఆమోదించిన ప్లాన్ కాపీ అడగండి. రంగుల బ్రోచర్ పనికిరాదు. మొదట తాత్కాలిక అనుమతి వస్తుంది. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయ్యాకే తుది అనుమతి. అప్పటిదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. మీకు చూపించిన ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందేమో చూడండి. బ్రోచర్‌లో అది కనపడదు.

2. ఎకరం లెక్క కట్టండి. అసలు గుట్టు బయటపడేది ఇక్కడే. ఎకరానికి 4,840 గజాలు. అందులో 10 శాతం, అంటే 484 గజాలు, ఖాళీ స్థలంగా వదిలి పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయాలి. రోడ్లు కూడా పోతే అమ్మకానికి మిగిలేది మామూలుగా 2,600 నుంచి 2,900 గజాలు. ప్లాన్‌లోని ప్లాట్లన్నీ కూడితే ఎకరానికి 3,500 గజాలు దాటిందా? అయితే పార్కునో రోడ్డునో అమ్మేసినట్టే. గిఫ్ట్ డీడ్ నకలు చూపించమని అడగండి, మాట దాటేస్తే లేచి వచ్చేయండి.

3. టేపు పట్టుకుని వెళ్లండి. రోడ్డు వెడల్పును ఈ వరుస హద్దు కడీల నుంచి ఎదుటి వరుస కడీల దాకా కొలవండి. ప్లాన్‌లో 33 అడుగులు ఉండి నేల మీద 27 ఉంటే, ఆ ఆరడుగులు ఎవరి ప్లాటులోనో కలిశాయన్నమాట. రేపు రోడ్డు వెడల్పు చేస్తే పోయేది మీ ప్రహరీ గోడే కావచ్చు.

4. సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల పత్రం) తీయండి. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) కూడా చూడండి. అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల) అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు, అడగండి. పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఇల్లు కట్టకుండా వదలాల్సిన జాగా. వేసవిలో పోయి చూస్తే అంతా ఎండిన నేలే, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అమ్మేవాడు చెప్పడు, పక్క చేను రైతు చెప్తాడు.

5. గుంటల్లో అమ్మే ‘ఫాం ప్లాట్ల’ జోలికి ఇంటి కోసం పోకండి. ఐదు గుంటలంటే 605 గజాలు. తహసీల్దార్ దగ్గర రిజిస్ట్రేషన్ కావచ్చు, పాస్‌బుక్కూ రావచ్చు. కానీ చట్టం దృష్టిలో అది చేనే. నాలా, లేఅవుట్ లేకుండా ఇంటి అనుమతి రాదు. మధ్యలో వేసిన మట్టిబాట పంచాయతీది కాదు, పాత పట్టాదారుదే.

6. గ్రామకంఠంలో (ఊరి ఇళ్లున్న పాత జాగాలో) పాత ఇల్లు కొంటుంటే ఇంటి పన్ను రసీదు ఒక్కటే నమ్ముకోవద్దు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు. లింకు దస్తావేజులు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత కాగితాలు), వారసుల సంతకాలు ముఖ్యం.

7. ఇంటి అనుమతి. 300 చదరపు మీటర్ల (దాదాపు 359 గజాలు) ప్లాటులో, 10 మీటర్ల ఎత్తు వరకు పంచాయతీయే ఇస్తుంది. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటైతే ఫైలు ఇక్కడే ఆగుతుంది. 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) ఆ ఏడాది ఆగస్టు 26 నాటికే ప్లాట్ల అమ్మకాలు రిజిస్టరైన లేఅవుట్లకే. ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనం, అదీ కొన్నవాళ్లే కట్టాలి. పాత ప్లాటు బేరమాడేటప్పుడే ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ (క్రమబద్ధీకరించిన ఉత్తర్వు) అడగండి, లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. అనుమతి కాగితం చేతికొచ్చాకే పునాదికి ముగ్గు పోయించండి.