'చెక్' అన్న మాట మూలం వెతకడం ఎలా?

ఒకే ఇంగ్లీషు మాటకు పది అర్థాలు కనిపిస్తే వాటిని కంఠస్థం చేయనక్కరలేదు. అవి ఏ వరుసలో పుట్టాయో తెలిస్తే చాలు. 'చెక్' ఇందుకు మంచి ఉదాహరణ. నిఘంటువు తెరిచే ముందు మీకు తెలిసిన వాడుకలన్నీ రాసుకోండి: బ్యాంకు చెక్కు, చెక్‌పోస్టు, చెక్స్ చొక్కా, లెక్కలు చెక్ చేయడం, ప్రత్యర్థికి చెక్ పెట్టడం.

తరువాత చారిత్రక నిఘంటువు చూడండి. 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు పాత ప్రయోగాలను కాలక్రమంలో ఇస్తుంది కనుక, అర్థం కన్నా ముందు తేదీని గమనించాలి. అప్పుడు చదరంగపు అర్థమే మొదటిదని తేలుతుంది. రాజు అనే అర్థంగల పారశీక పదం 'షా' అరబ్బీ మీదుగా పాత ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది: ఒక అర్థం నుంచి మరొకటి ఎలా పుట్టిందో అడగాలి. రాజుకు 'షా' చెప్పగానే ఆటగాడు తక్కిన ఎత్తులన్నీ మాని రాజును కాపాడుకోవాలి కనుక ఆ మాటకు అడ్డుకోవడం అనే అర్థం వచ్చింది. అదుపులో ఉంచడం నుంచి తప్పు దొర్లకుండా సరిచూడడం దాకా అది విస్తరించింది. ఇంకొక పాయ చదరంగపు బల్ల నుంచి చీలింది. 12వ శతాబ్దపు ఇంగ్లండులో రాజు ఖజానా లెక్కలను సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల బల్లపై గీతల గుడ్డ పరిచి తేల్చేవారు. అది చదరంగపు బల్లను తలపించినందున ఆ శాఖకు 'ఎక్స్‌చెకర్' అనే పేరు స్థిరపడింది. గళ్ల బట్టను చెక్స్ అనడమూ ఆ బల్ల వల్లనే. 18వ శతాబ్దంలో, మోసాన్ని అరికట్టేందుకు చెల్లింపు పత్రంలో తమ వద్ద ఉంచుకునే ముక్కకు (కౌంటర్‌ఫాయిల్) వాడిన ఈ మాట క్రమంగా బ్యాంకు చెక్కుకే పేరైంది. బ్రిటిష్ వర్ణక్రమం ఎక్స్‌చెకర్ ప్రభావంతో cheque అని మారగా, అమెరికన్లు check అనే పాత రూపాన్నే రాస్తారు.

ధ్వని పోలికను మాత్రం నమ్మకండి: శిల్పి చెక్కడానికీ ఈ చెక్కుకూ ఏ సంబంధమూ లేదు.

నిఘంటువు 'ఫ్రెంచి నుంచి' అన్నచోటే ఆగిపోవడం నా దృష్టిలో పెద్ద నష్టం. గోలకొండ కుతుబ్ షాహీల పేరులోనూ, మన పాదుషాలోనూ ఉన్నది ఆ 'షా'యే. దాని ప్రాచీన ఇరానీ మూలానికి సంస్కృత 'క్షత్ర' శబ్దం దగ్గరి చుట్టం. అందుచేత పారశీక, సంస్కృత నిఘంటువులు కూడా దగ్గర పెట్టుకోండి.