రెండు జాబితాల్లోనూ ఉన్న పేర్లు: పైథాన్ సమితులతో వెతికే పద్ధతి

కర్నూలు యార్డుకు ఉల్లి పంపిన ఊళ్ల పేర్లు ఒక జాబితాలోనూ, ఆదోని యార్డుకు పత్తి పంపిన ఊళ్ల పేర్లు మరో జాబితాలోనూ ఉన్నాయనుకుందాం. రెండు పంటలూ పంపిన ఊళ్లేవో తేల్చడానికి ఒక్కో పేరూ పట్టుకుని రెండో జాబితా అంతా వెతకవచ్చు గానీ, పేర్లు వేలల్లోకి వెళ్లేసరికి ఆ పని కంప్యూటరుకు కూడా భారమవుతుంది. పదో తరగతి లెక్కల్లో మనం చదువుకున్న సమితుల ఛేదనం సరిగ్గా ఇలాంటి అవసరానికే పనికొస్తుంది. పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాష తెలుగు పేర్లను కూడా చలరాశుల పేర్లుగా అంగీకరిస్తుంది కాబట్టి కింది మూడు వరుసలను పైథాన్ ఇంటరాక్టివ్ షెల్‌లో ఉన్నవి ఉన్నట్టే నడపవచ్చు.

ఉల్లి = {"ఎమ్మిగనూరు", "కోడుమూరు", "పత్తికొండ", "డోన్"}
పత్తి = {"ఆదోని", "ఎమ్మిగనూరు", "ఆలూరు", "పత్తికొండ"}
ఉల్లి & పత్తి

జవాబుగా ఎమ్మిగనూరు, పత్తికొండ వస్తాయి. సమితికి వరుసక్రమం ఉండదు కనుక ఏది ముందు వస్తుందో చెప్పలేము. క్రమం కావాలంటే ఫలితాన్ని సార్టెడ్ ఫంక్షన్‌కు ఇవ్వాలి. నడుమ ఉన్న గుర్తు బదులు నిలువు గీత పెడితే సమ్మేళనం, తీసివేత గుర్తు పెడితే భేదం వస్తాయి. ఉల్లి - పత్తి అంటే కోడుమూరు, డోన్ మిగులుతాయి; అటూ ఇటూ మారిస్తే ఆదోని, ఆలూరు మిగులుతాయి.

మీ దగ్గర ఉన్నది చదరపు బ్రాకెట్లలో రాసే లిస్టు అయితే ముందుగా సెట్ ఫంక్షన్‌తో సమితిగా మార్చుకోవాలి, ఎందుకంటే ఈ గుర్తులకు రెండు వైపులా సమితులే ఉండాలి. ఖాళీ మీసాల బ్రాకెట్లు రాస్తే సమితి కాక డిక్షనరీ తయారవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. కోడుమూరు నుంచి నలభై బండ్లు వచ్చినా సమితిలో ఆ పేరు ఒక్కసారే నిలుస్తుంది. లెక్క కూడా కావాలంటే కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్ వాడాలి.

అసలు కష్టం పేర్లను శుభ్రం చేయడంలో ఉంది. ఒకసారి నేను పోల్చిన రెండు ఫైళ్లలోనూ డోన్ కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా ఫలితంలో మాత్రం రాలేదు. అనుమానం వచ్చి రెంటినీ లెన్ ఫంక్షన్‌తో కొలిస్తే ఒకదానికి (డ, ఓత్వం, న, పొల్లు కలిపి) 4, మరొకదానికి 5 వచ్చింది. పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు చేర్చే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరమే ఆ అయిదోది. పైథాన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఊళ్లు. స్ట్రిప్ పద్ధతి చివరి ఖాళీలను తీసేస్తుంది గానీ దీన్ని తీయదు. రీప్లేస్ పద్ధతితో విడిగా తొలగించాలి. తెలుగు పేర్లతో పనిచేసేవారు ఛేదనానికి ముందే ఈ రెండు పనులూ చేసుకోవాలని నా గట్టి సలహా.

దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది. కర్నూలు దగ్గర ఒక గూడూరు ఉంది, నెల్లూరు వైపు మరొక గూడూరు ఉంది. పేరు ఒక్కటే ఇస్తే సమితి రెంటినీ ఒకే ఊరిగా లెక్కిస్తుంది. అలాంటి చోట ఊరినీ జిల్లానూ కలిపి గుండ్రటి బ్రాకెట్లలో టుపుల్‌గా ఇవ్వాలి, లిస్టుగా ఇస్తే సమితి స్వీకరించదు.

ఊళ్లు = {("గూడూరు", "కర్నూలు"), ("ఆలూరు", "కర్నూలు")}