ట్రాక్‌కి వెళ్లే ముందు: రేడియేటర్ మెష్ కోర్‌ని తాకకూడదు

ఈమధ్య చెన్నై ట్రాక్ నుంచి ట్రైలర్ మీద ఆటోనగర్‌కి తిరిగొచ్చిన ఒక రేసు కారుకి హెడ్ (ఇంజన్ పైభాగం) ఎత్తారు. హెడ్ మీద స్టీలు స్కేలు ఆనించి చూస్తే కిందకి 0.20 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) సులువుగా దూరింది. అంటే నీళ్లు పోయి, వేడెక్కి హెడ్ వంగిపోయింది. చాలా ఇంజన్లకు 0.05 మి.మీ. దాటితేనే ఫేసింగ్‌కి, అంటే చదును చేయించడానికి, పంపుతారు. రేడియేటర్‌కి రాయి తగిలి ఉంటుందనే అందరూ అనుకున్నారు. తీరా రేడియేటర్ దింపి తొట్టిలో ముంచి గాలి పెడితే నాలుగు చోట్ల బుడగలొచ్చాయి. అదీ ఒకే వరసలో, సమాన దూరంలో. రాళ్లు కొలత పెట్టుకుని కొట్టవు కదా! రాళ్లను ఆపడానికి రేడియేటర్ ముందు కట్టిన మెష్ (జాలీ) తీగలే ట్యూబుల్ని కోసేశాయి.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లడానికి బెజవాడలోనో గుంటూరులోనో బండి రెడీ చేస్తున్నవాళ్ల కోసమే ఇది. నీళ్లు చూసుకోండి, క్లిప్పులు బిగించండి, వేడి మీద క్యాప్ తీయకండి లాంటివి మీకు చెప్పక్కర్లేదు.

మెష్ అసలు ఎందుకు

రోడ్డు మీద తిరిగే కారుకి ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది. రాయి ఏదైనా దానికే తగులుతుంది, రేడియేటర్ దాని వెనక దాక్కుంటుంది. బరువు తగ్గించాలని ఏసీ పీకేసిన రోజునే ఆ కవచం పోయింది. రేడియేటర్ కోర్ అంటే నీళ్లు పారే ట్యూబులు, వాటి మధ్య ఫిన్స్ అనే పల్చటి రేకులు. ఎస్టీమ్ అయినా పోలో అయినా అల్యూమినియం కోర్ ట్యూబు గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు అటూ ఇటూ. ముందు వెళ్తున్న కారు ట్రాక్ అంచు దాటి గ్రావెల్‌లో దిగి తిరిగి పైకొస్తే, చక్రాలు విసిరే రాళ్లన్నీ వెనకబండి మూతి మీదకే. వాటితోపాటు టైరు రబ్బరు ఉండలు. ఇవి చిల్లు పెట్టవు గానీ ఫిన్స్ మధ్య అతుక్కుని గాలి ఆపుతాయి.

ఏ మెష్

కన్ను (తీగల మధ్య ఖాళీ) 6 మి.మీ., తీగ 1 మి.మీ., స్టెయిన్‌లెస్ 304. ఈ లెక్కన గాలికి దాదాపు ముప్పావు భాగం ఖాళీ దొరుకుతుంది. హార్డ్‌వేర్ షాపులో చేతికందే దోమల మెష్ వద్దు. లెక్క కడితే దానికీ ఖాళీ మరీ తక్కువేం కాదు, కానీ కన్ను చిన్నది కాబట్టి రబ్బరు తురుము, పురుగులు కాసిన్ని ల్యాపుల్లోనే పూడ్చేస్తాయి. ఒకటి చాలదని రెండు పొరలు వేయడమూ వద్దు.

ఎక్కడ, ఎలా

మెష్‌కీ కోర్‌కీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. కొలిచి చెప్పాలంటే 25 నుంచి 50 మి.మీ. బండ్లు నాశనమయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చదవండి.

నూటికి తొంభై మంది చేసే పని, మెష్‌ని కోర్ మీద పరిచి ఫిన్స్‌లోంచి జిప్ టైలు దూర్చి బిగించేయడం. పది నిమిషాల్లో అయిపోతుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. రేడియేటర్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఊగుతుంది, మెష్ తన తీరున తను ఊగుతుంది. స్టీలు తీగ, పల్చటి అల్యూమినియం ట్యూబు, రెండింటి మధ్య ఇసుక. అంతకన్నా మంచి ఆకురాయి ఏముంటుంది? రాయి తగిలినప్పుడు ఇంకో బాధ. ఖాళీ ఉంటే మెష్ వెనక్కి వంగి ఆ దెబ్బ తనే మింగుతుంది. అంటుకుని ఉంటే ఆ దెబ్బ నేరుగా ట్యూబుకి చేరుతుంది. పైగా తడి పట్టినచోట స్టీలూ అల్యూమినియమూ కలిసుంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. జిప్ టై దూరిన చోట ఫిన్ మొదలు దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే అదే.

కాబట్టి మెష్‌ని రేడియేటర్‌కి కట్టకండి, బాడీకి బిగించండి. పీకేసిన కండెన్సర్ బ్రాకెట్లు ఖాళీగానే ఉంటాయి, అవి కోర్‌కి సరిపడా ముందుంటే వాడుకోండి. అర అంగుళం అల్యూమినియం యాంగిల్‌తో ఫ్రేమ్ కట్టి, మెష్ అంచుల్ని దానిలోకి మడిచి రివెట్ కొట్టండి. నాలుగు మూలలా 6 మి.మీ. బోల్టు, రబ్బరు గ్రామెట్, వెడల్పు వాషర్, నైలాక్ నట్టు (కుదుపులకి వదులవనిది). కోసిన తీగ మొన ఒక్కటి కూడా కోర్ వైపు తిరిగి ఉండకూడదు. బిగించాక మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. కోర్‌కి తగిలిందా, ఫ్రేమ్ మధ్యలో ఇంకో పట్టీ వేయించండి.

మెష్ ఎంతోకొంత గాలిని ఆపుతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది, రేడియేటర్ పక్కసందుల్లోంచి జారిపోతుంది. ఆ సందుల్ని అల్యూమినియం రేకుతో, ఫోమ్‌తో మూసేయండి. మెష్ పెట్టకముందు, పెట్టాక అదే వేగంతో ఐదేసి ల్యాపులు తిప్పి టెంపరేచర్ రాసుకోండి. మూడు నాలుగు డిగ్రీలు పెరిగితే కంగారు లేదు. ఎనిమిది, పది పెరిగితే సందులే చూడండి, మెష్ పీకకండి.

బయల్దేరే ముందూ, అక్కడికెళ్లాకా

హ్యాండ్ పంపుతో రేడియేటర్‌లోకి గాలిని క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా కొట్టి పది నిమిషాలు ఆగండి. ముల్లు కదలకూడదు.

సర్వీసింగ్ పాయింటులో ప్రెషర్ గన్‌తో ముందు నుంచి కొట్టించకండి, ఫిన్స్ పడుకుంటాయి. మామూలు పైపుతో, ఇంజన్ వైపు నుంచి ముందుకి.

పత్తి లారీల వెనక, వరి కోతల రోజుల్లో టెస్ట్ డ్రైవ్ చేశారా? దూది, పొట్టు కోర్‌లో ఉంటాయి. టార్చి వేసి వెనక నుంచి చూడండి, వెలుతురు ముందుకి రావాలి.

హైవే మీద కంకర లారీల భయానికి ట్రైలర్ మీద మూతికి అట్ట కట్టడం మంచిదే. దింపగానే తీసేయండి. మర్చిపోయినవాళ్లున్నారు.

400 కిలోమీటర్ల పైచిలుకు కుదుపులకి బ్రాకెట్ వంగి ఉండొచ్చు. దింపాక మళ్లీ రెండు వేళ్లు పెట్టి చూడండి. మెష్ కోర్‌ని తాకకూడదు.

కూలెంట్ గురించి ట్రాక్ నిబంధన ముందే అడగండి. చాలా రేసుల్లో గ్లైకాల్ (మామూలు కూలెంట్‌లో ఉండేది) ఒప్పుకోరు, ఒలికితే వెనకవాళ్లు జారతారు. డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా వేసే మందు. మినరల్ వాటర్ కాదు.

లీకయితే పసుపు పోయకండి. సన్నటి ట్యూబులు పూడిపోతాయి.

ఎమ్‌సీల్ పూసి ఇంకో సెషన్ దిగకండి.

ముందుకారు గ్రావెల్‌లోంచి పైకొస్తుంటే దాని వెనకే ఉండకండి, సగం కారు పక్కకి జరగండి.

ప్రతి సెషన్ తర్వాత మెష్ మీది రబ్బరు బ్రష్‌తో దులపండి. దులిపాక రెండు వేళ్లు.

గేజ్‌ని నమ్మకండి. 1.1 బార్ క్యాప్ ఉన్నంతసేపూ నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. చిల్లు పడి ప్రెషర్ పోయిన క్షణమే మరిగి బయటికి పోతాయి. సెన్సర్ నీళ్లలో కాక గాలిలో మిగిలిపోతుంది, ముల్లు కిందకి దిగుతుంది. డ్రైవర్ హమ్మయ్య అనుకుంటాడు. యాక్సిలరేటర్ తొక్కి ఉండగా ముల్లు ఉన్నట్టుండి పడిపోయిందంటే నీళ్లు లేవనుకోండి. ఇంజన్ ఆపేసి, రేసింగ్ లైన్ వదిలి పక్కకి తీయండి. పిట్ దాకా లాక్కురాకండి.

ఆపాక నీళ్లు పోయకండి, చల్లారనివ్వండి.

ఆయిల్ కూలర్ ఉంటే దానికీ ఇదే మెష్, అవే రెండు వేళ్లు. దానికి చిల్లు పడితే ఇంజన్ పాడయ్యేకన్నా ముందే ఆయిల్ మీ టైర్ల కిందకి వస్తుంది.