వీలునామా రాద్దాం – 4వ పాఠం: ఇంటివాళ్లకు పోగా ధర్మానికి ఎంత, ఎలా?

పోయిన పాఠంలో ఆస్తుల పట్టిక వేయమన్నాను. స్వార్జితం ఒక పక్క, పిత్రార్జితం ఇంకో పక్క, దేనికి ఎవరు నామినీయో చివర్లో. ఆ కాగితం లేకుండా ఈ పాఠం మొదలుపెట్టకండి. ఏం ఉందో తెలియకుండా దానం రాస్తే అది దానం కాదు, పిల్లలకు తలనొప్పి.

తలనొప్పి అని ఊరికే అనలేదు. మా పెదనాన్న తన వీలునామాలో చక్కటి చేతిరాతతో ‘మా ఊరి బడికి లక్ష రూపాయలు’ అని రాసి వెళ్లిపోయారు. ఊళ్లో మూడు బళ్లున్నాయి. ఆయన చదివింది చెరువుగట్టు మీది బడిలో. ఆయన పోయేనాటికి దాన్ని పక్క బడిలో కలిపేశారు. హైస్కూలు హెడ్మాస్టరును అడిగితే, ‘నా పేరిట చెక్కు నేను తీసుకోకూడదండీ’ అన్నారు, అది న్యాయమే. మా అన్నయ్య ఆ లక్షను నాలుగేళ్లు బ్యాంకులో పెట్టుకుని, ‘నాన్న డబ్బు తినేశాడు’ అనే మాట కూడా పడ్డాడు. చివరికి బల్లలు చేయించి ఇచ్చాడనుకోండి. ‘ఏ బడి, ఎవరి పేరిట, ఎందుకోసం’ అన్న మూడు ముక్కలు పడి ఉంటే ఆ నాలుగేళ్లు ఉండేవి కావు.

ఈ పాఠంలో నేర్చుకునేది ఆ ఒక్క పేరా రాయడమే. ఒక రిటైరైన మేష్టారిని ఊహించుకుందాం. సొంత ఇల్లు, బ్యాంకులో 30 లక్షల ఎఫ్‌డీలు, భార్య, కొడుకు, కూతురు. అప్పులు లేవు. ఊరి గ్రంథాలయానికి ఏదైనా చేయాలని ఆయన కోరిక.

ఆయన మొదటి చిత్తుప్రతి ఇది: భార్యకు 15 లక్షలు, గ్రంథాలయానికి 5 లక్షలు, మిగిలిన 10 లక్షలు పిల్లలిద్దరికీ సమానంగా. లెక్క చూడటానికి బాగుంది. కానీ వీలునామా అమలయ్యేది రాసిన రోజున కాదు, పోయిన రోజున. మధ్యలో ఒక పెద్ద ఆపరేషను అయి 12 లక్షలు ఖర్చయ్యాయనుకోండి, మిగిలింది 18 లక్షలు. రాసినవి 15, 5 కలిపి 20. భార్య కాబట్టి ఆమెకు ముందు ఇస్తారులే అనుకుంటాం. ప్రత్యేకంగా రాయకపోతే చట్టం అలా చూడదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఇలా ‘ఇన్ని రూపాయలు’ అని అంకె చెప్పి రాసినవన్నీ దామాషాలో తగ్గుతాయి. భార్యకు 13 లక్షల 50 వేలు, గ్రంథాలయానికి 4 లక్షల 50 వేలు, పిల్లలకు సున్నా. మేష్టారు కోరుకున్నది ఇదేనా?

అందుకే నా పద్ధతి: ఆధారపడినవాళ్లకు అంకె, ధర్మానికి వంతు. ముందు భార్య 15 లక్షలు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో నూటికి 20 వంతులు గ్రంథాలయానికి. 30 లక్షలు ఉంటే గ్రంథాలయానికి 3 లక్షలు, పిల్లలకు చెరి 6 లక్షలు. 18 లక్షలే మిగిలితే గ్రంథాలయానికి 60 వేలు, పిల్లలకు చెరి లక్షా 20 వేలు. ధర్మం తగ్గింది, నిజమే. కానీ ఇంటావిడ చేయి చాచాల్సిన పని రాలేదు.

ఇక ఇల్లు. ‘నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం గ్రంథాలయానికి చెందవలెను’ అని చాలామంది రాయిస్తారు. వినడానికి ఎంతో ధర్మంగా ఉంటుంది, కోర్టులో మాత్రం జారుడుబండ. తెలుగునాట నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తులశమ్మ వర్సెస్ శేషారెడ్డి కేసు ఉంది, 1977 తీర్పు. మనోవర్తి కింద పరిమిత హక్కుతో వచ్చిన ఆస్తి, హిందూ వారసత్వ చట్టం 14(1) సెక్షన్ వల్ల ఆ స్త్రీకి సంపూర్ణ హక్కు అయిపోతుందని అందులో తేల్చారు. న్యాయమైన తీర్పు. అయితే వీలునామాలో రాసిన జీవితకాల హక్కుకు అదే వర్తిస్తుందా, 14(2) కింద పరిమితంగానే ఉండిపోతుందా అన్నదాని మీద తర్వాత తీర్పులు తలోదారి పట్టాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ గందరగోళాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. ఆ టెన్షన్ మనకెందుకు? ఇల్లు భార్యకు సర్వహక్కులతో రాసేయండి. గ్రంథాలయం మీద ఆవిడకూ మనసుంటే ఆవిడే తన వీలునామా రాసుకుంటుంది. ఒకే వీలునామాలో ముందు ‘సర్వహక్కులతో’ అని, కింద ‘తదనంతరం ఫలానావారికి’ అని మాత్రం రాయకండి. ఆ రెండు మాటలు పక్కపక్కన ఉంటే వకీళ్లకు పండగ.

ఇప్పుడు మేష్టారి రెండో చిత్తు చూడండి:

‘నా భార్యకు పైన రాసిన 15 లక్షల రూపాయలు ముందుగా, పూర్తిగా చెల్లించవలెను. అది పోగా నా మరణ సమయానికి నా పేరిట బ్యాంకుల్లో మిగిలిన సొమ్ములో నూటికి 20 వంతులు ఫలానా గ్రంథాలయ సంఘానికి (రిజిస్ట్రేషన్ నంబరు, పాన్ నంబరు, చిరునామా) పిల్లల పుస్తకాల నిమిత్తం చెందవలెను. అప్పటికి ఆ సంఘం లేకపోయినా, సొమ్ము తీసుకోలేకపోయినా, అదే మండలంలో పిల్లల చదువుకు పనిచేసే మరో రిజిస్టర్డు సంస్థను నా ఎగ్జిక్యూటరు (ఈ వీలునామాను అమలు చేసే వ్యక్తి) ఎంచి అప్పగించవలెను. మిగిలిన 80 వంతులు నా కుమారుడికి, కుమార్తెకు సమానంగా చెందవలెను.’

‘ముందుగా, పూర్తిగా’ అన్న రెండు మాటల కింద గీత గీసుకోండి. మా పెదనాన్న కాగితంలో లేని మూడో వాక్యం కింద రెండు గీతలు. సంస్థ పేరు ఊళ్లో పిలిచేది కాదు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఉన్నది రాయాలి. రంగూన్‌లో గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మానికి రాసిన ఆస్తి కాకినాడలో ఎం.ఎస్.ఎన్. చారిటీస్ పేరిట ఇప్పటికీ చదువు చెప్పిస్తోందంటే, తర్వాత దాన్ని పట్టుకుని నడిపే సంస్థ ఒకటి ఉండబట్టే.

ఎఫ్‌డీలకు నామినీ కొడుకే అయితే? బ్యాంకు డబ్బు అతనికే ఇస్తుంది, ఇవ్వాలి కూడా. కానీ నామినీ తీసుకునేవాడే తప్ప సొంతదారు కాడు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. అందుకని అబ్బాయికి ఇప్పుడే కూర్చోబెట్టి చెప్పండి. చెప్పడానికి మొహమాటపడి కాగితంలో దాచిపెడితే, ఆ కాగితం తెరిచిన రోజు ఇంట్లో రెండు వర్గాలవుతాయి.

కొందరికి ఇంకో ఆలోచన వస్తుంది: ధర్మట్రస్టు పెట్టి, దాంతోనే మన మేనకోడలి ఫీజు కూడా కడితే పోలా? పోదు. స్థాపకుడి బంధువులకు ప్రయోజనం చేకూరిస్తే ఆ ట్రస్టుకు ఆదాయపు పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. మేనకోడలికి ఇవ్వాలంటే ఆమె పేరే రాసి ఇవ్వండి, అందులో సిగ్గుపడేదేముంది?

పన్ను గురించి రెండు ముక్కలు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు కాబట్టి వీలునామాలో ధర్మానికి రాసినందువల్ల ఆదా అయ్యే పన్ను ఏమీ లేదు. అమెరికాలో స్థిరపడినవాళ్లు చెప్పే ‘చారిటబుల్ రిమెయిండర్ ట్రస్టు’, అంటే బతికినన్నాళ్లు ఇంటివాళ్లకు ఆదాయం, తర్వాత మిగిలింది ధర్మానికి అనే ఏర్పాటు, అక్కడి పన్ను చట్టం కోసం పుట్టింది. అక్కడి ఆస్తికి అక్కడి లాయరునే అడగాలి. ఇక్కడ మినహాయింపు కావాలంటే బతికుండగా ఇవ్వాలి, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, 2,000 రూపాయలు దాటితే నగదుగా కాకుండా. నన్నడిగితే అనుకున్నదాంట్లో కొంత ఇప్పుడే ఇచ్చేయడం మేలు. ఆ సంఘం డబ్బు ఎలా వాడుతుందో కళ్లారా చూసి, నచ్చకపోతే వీలునామాలో పేరు మార్చుకోవచ్చు.

ముస్లిం పాఠకులు ఒకటి గుర్తుంచుకోవాలి: వారసుల సమ్మతి లేకుండా వీలునామాతో ఇవ్వగలిగేది, అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మూడో వంతు వరకే. క్రైస్తవులు ధర్మానికి రాయడం మీద ఉన్న పాత ఆంక్షను సుప్రీంకోర్టు 2003లో కొట్టేసింది. పిత్రార్జితం సంగతి 2వ పాఠంలో చూశాం, అందులో మీ వాటా వరకే మీ కలం నడుస్తుంది.

ఈ వారం పని: మీ పట్టికలో బ్యాంకు సొమ్ము 40 శాతం తగ్గిపోయిందనుకుని మీ పేరాను మళ్లీ లెక్క కట్టండి. ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్ల వాటా చెక్కుచెదిరితే వంతులు మార్చండి. ఆ సంస్థకు వెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్సు అడగండి. ఇవ్వడానికి నసిగితే ఇంకో సంస్థను వెతుక్కోండి. అన్నీ పెన్సిల్‌తోనే రాయండి, సంతకం ఇప్పుడే వద్దు. ఇద్దరు సాక్షులు ఎవరైతే బాగుంటుంది, మీకంటే చిన్నవాళ్లు ఎందుకు కావాలి అన్నది 5వ పాఠంలో.