లివర్ క్యాన్సర్‌కి ఆపరేషన్ కుదరదన్నారా? ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఏం అడగాలి, ఎలా వెళ్లాలి

డాక్టర్ గారు "ఆపరేషన్ చెయ్యలేం" అన్నారంటే చాలాసార్లు గడ్డ ఉన్న ముక్క కోసి తియ్యలేం అని మాత్రమే, ఎందుకంటే ఈ క్యాన్సర్ ఎక్కువగా సిర్రోసిస్‌తో (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) పాడైన లివర్‌లోనే పుడుతుంది, అందులో కొంత తీసేస్తే మిగిలింది సరిపోదు. ట్రాన్స్‌ప్లాంట్‌లో పాత లివర్ మొత్తం తీసేస్తారు, గడ్డతో పాటు సిర్రోసిస్ కూడా పోతుంది. అందుకని "మరి ట్రాన్స్‌ప్లాంట్‌కి పనికొస్తారా" అని విడిగా అడగండి. (పేగుల్లోంచో ఇంకెక్కడినుంచో లివర్‌కి పాకిన క్యాన్సర్ అయితే లెక్క వేరు.)

ముందు ట్రైఫేజిక్ సీటీ (రంగు మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) లేదా ఎమ్మారై, ఏఎఫ్‌పీ (ఈ క్యాన్సర్‌లో తరచు పెరిగే ఒక ప్రొటీన్) రక్త పరీక్ష ఉండాలి. రిపోర్ట్ కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా అడిగి తీసుకోండి, ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ వాళ్లు బొమ్మలు మళ్లీ చూస్తారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకి చాలావరకు స్కాన్‌లోనే తేలిపోతుంది, బయాప్సీలో (సూదితో ముక్క తీసి చేసే పరీక్ష) సూది దారిలో క్యాన్సర్ కణాలు అంటుకునే రిస్క్ కొంచెం ఉంది కాబట్టి అది అవసరమా కాదా అని ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌నే అడగండి.

ట్రాన్స్‌ప్లాంట్‌కి పనికొస్తారా అని తేల్చడానికి అందరూ చూసే కొలత 1996లో ఇటలీ నుంచి వచ్చిన మిలాన్ క్రైటీరియా. ఒకటే గడ్డ అయితే 5 సెం.మీ. లోపు, లేదా మూడు గడ్డల వరకు ఉంటే ఒక్కోటి 3 సెం.మీ. లోపు, పెద్ద రక్తనాళాల్లోకి గానీ లివర్ బయటకి గానీ పాకకూడదు. ఆ స్టడీలో నాలుగేళ్లకి 75 శాతం మంది బతికున్నారు. రిపోర్ట్‌లో పోర్టల్ వెయిన్ థ్రాంబోసిస్ (లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద నాళంలో అడ్డు) అని కనిపిస్తే అది మామూలు రక్తం గడ్డా లేక ట్యూమరే లోపలికి పాకిందా అని తప్పకుండా అడగాలి, అసలు కథ మొత్తం అక్కడే మారిపోతుంది.

సైజు కొంచెం ఎక్కువుంటే వెంటనే ఆశ వదలొద్దు. టేస్ (గడ్డకి వెళ్లే రక్తనాళంలోకి కీమో మందు పంపి దాన్ని మూసెయ్యడం), టేర్ (అదే దారిలో రేడియేషన్ పూసలు పంపడం), అబ్లేషన్ (సూదితో గడ్డని కాల్చెయ్యడం) లాంటివాటితో గడ్డని తగ్గించి, కొన్ని నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేసి చూస్తారు, దీన్నే డౌన్‌స్టేజింగ్ అంటారు. ఈలోగా ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు) ఎక్కించి ఉంటే ఆఖరి డోస్ తేదీతో సహా చెప్పండి, దానివల్ల కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది.

డోనర్ (బతికుండగా తన లివర్‌లో కొంత ఇచ్చేవాళ్లు) సంగతికొస్తే చట్టం ప్రకారం భార్యాభర్తలు, అమ్మానాన్న, పిల్లలు, తోబుట్టువులు, తాతా అమ్మమ్మలు, మనవలు దగ్గరి బంధువులు. బావమరిది ఇస్తానన్నా ఆథరైజేషన్ కమిటీ (దానం వెనక డబ్బు గానీ ఒత్తిడి గానీ లేదని చూసి అనుమతిచ్చేది) ముందుకి వెళ్లాల్సిందే. ఆధార్, పెళ్లి ఫోటోలు, బంధుత్వం చూపించే కాగితాలు ముందే సర్దుకోండి. డోనర్‌కి ఫ్యాటీ లివర్ ఉంటే బరువు తగ్గి రమ్మంటారు. మిగిల్చిన లివర్ మళ్లీ పెరుగుతుంది కానీ ప్రాణాపాయం సున్నా అని ఎవరైనా అంటే నమ్మకండి. మన ఇళ్లల్లో అందరి చూపూ ముందు భార్య మీదకో కూతురి మీదకో పోతుంది, ఆమెని డాక్టర్ ఒంటరిగా మాట్లాడించేలా చూడండి, వద్దంటే అక్కడితో ఆపెయ్యాలి.

ఇంట్లో డోనర్ లేకపోతే హాస్పిటల్ ద్వారా జీవన్‌దాన్‌లో (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం) పేరు రాయించుకోవాలి. ఖర్చు గురించి ఆరోగ్యశ్రీ, సీఎం రిలీఫ్ ఫండ్ రెండూ అడగండి. హైదరాబాద్ ఉస్మానియాలో కూడా లివర్ ట్రాన్స్‌ప్లాంట్లు చేశారు.

ఆపరేషన్ తర్వాత టాక్రోలిమస్ లాంటి, కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే మందులు దాదాపు జీవితాంతం, టైముకి వేసుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస తినొద్దు, మందు లెవెల్ పెరిగిపోతుంది. ఆకుపసర్లు, నాటుమందులు దగ్గరికి రానివ్వొద్దు, క్యాన్సర్ తిరిగొచ్చిందేమో చూడ్డానికి స్కాన్, ఏఎఫ్‌పీ డాక్టర్ చెప్పిన డేట్‌కే చేయించండి.