పరగడుపునా, తిన్నాకా? బిళ్ళల టైం సంగతి

మా అవ్వది కందుకూరు దగ్గర పల్లె. బీపీకి అమ్లోడిపిన్ రోజుకొకటి వేసుకోమంటే, తల తిరిగిన రోజే వేసుకునేది, "బాగున్న రోజు బిళ్ళెందుకురా, దండగ" అని. తలనొప్పి బిళ్ళ లెక్కే దీనికీ అనుకుంది.

మింగిన మందు పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కాలి, దారిలో లివర్ కొంత ఖర్చు చేస్తుంది, మిగిలింది ఒళ్లంతా తిరిగి పని చేశాక కిడ్నీల్లోంచో పైత్యరసంలోంచో బయటికి పోతుంది. రక్తంలో మందు సగానికి తగ్గడానికి ఎంతసేపు పడుతుందో అదే మనం చూడాల్సింది. పారాసెటమాల్‌కి 2, 3 గంటలు, అందుకే జ్వరం మళ్ళీ వస్తుంది. అమ్లోడిపిన్‌కి 30 నుంచి 50 గంటలు. అంటే నిన్నటిది పూర్తిగా పోకముందే ఇవాళ్టిది చేరుతుంది, అలా రోజూ వేస్తే వారం తిరిగేసరికి ఒక మట్టానికి వచ్చి నిలబడుతుంది. అవ్వ ఆ మట్టం దాకా ఎప్పుడూ రానివ్వలేదు. ఒక రోజు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మరుసటి బిళ్ళ టైం దగ్గర పడితే వదిలేయండి, రెండూ కలిపి మాత్రం వద్దు.

గ్యాస్ బిళ్ళ, అదే పాంటోప్రజోల్, దీనికి పూర్తిగా వేరు. కడుపులో యాసిడ్‌కి పాడవకుండా పైన పూత ఉంటుంది, కాబట్టి నమలొద్దు, పొడి చేయొద్దు. పేగులో కరిగి, రక్తంలోకి ఎక్కి, తిరిగి కడుపు గోడ దగ్గరికొచ్చి యాసిడ్ తోడే పంపుల్ని మూసేస్తుంది. ఆ పంపులు అన్నం తిన్నప్పుడే జోరుగా తిరుగుతాయి గనక తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. బిర్యానీ తిని మంట పుట్టాక వేసుకుంటే అప్పటికప్పుడు ఏం తగ్గుతుంది? తమాషా ఏంటంటే మందు కొన్ని గంటల్లోనే రక్తంలోంచి పోయినా, మూసిన పంపులు మూసినట్టే ఉంటాయి, పని దాదాపు రోజంతా నడుస్తుంది.

థైరాయిడ్ బిళ్ళ పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం బిళ్ళలు ఉంటే దానికీ వాటికీ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే పేగులోనే దాన్ని పట్టుకుని రక్తంలోకి ఎక్కనివ్వవు. ఐరన్ బిళ్ళకేమో టీ పడదు.

నాకు భయం వేసేది నొప్పి బిళ్ళలంటేనే. రోహిణీ కార్తె ఎండలో పని చేసొచ్చి, నీళ్లు సరిగ్గా తాగకుండా, మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగేస్తారు మనవాళ్లు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకి రక్తం అందేలా చూసే పదార్థాలు కొన్ని ఉంటాయి, నొప్పిని తగ్గించే క్రమంలో ఈ మందు వాటినీ ఆపేస్తుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, నీరు పోయే బిళ్ళ కూడా వాడుతుంటే ఇంకా ప్రమాదం, డాక్టర్‌ని అడక్కుండా అసలు వేసుకోకండి. పారాసెటమాల్ కూడా లెక్క తప్పితే లివర్‌ని దెబ్బతీస్తుంది, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4 గ్రాములు దాటకూడదు, చాలా జలుబు బిళ్ళల్లోనూ అదే ఉంటుంది, కలిపి లెక్కేయండి.

ఇదంతా కుదరాలంటే ఏ బిళ్ళ ఏదో తెలియాలిగా. మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తుంటే, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కే ఇమ్మనండి.